వేడిని చూసే కన్ను: ఒక పరికరం చరిత్ర



ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతపు నల్లరేగడి చేలల్లో రాత్రి కావలి కొత్తది కాదు. శనగ మొలకెత్తితే జింకలు, వేరుశనగ కాయ పడితే అడవిపందులు వస్తాయి. పూర్వం మంచె, డప్పు, టార్చిలైటు కావలివాడి సాధనాలు. నేడు అరచేతిలో ఇమిడే థర్మల్ స్కోప్ కూడా దొరుకుతోంది. అది ఎలా పుట్టింది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి ఈ భాగంలో తెలుసుకుందాం.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కొక్క రంగు దగ్గర ఉష్ణమాపకాన్ని ఉంచాడు. ఎరుపును దాటి, కంటికి ఏమీ కనిపించని చోట ఉంచినప్పుడు అది మరింత వేడిని చూపింది. అవే పరారుణ కిరణాలు. 19వ శతాబ్దం చివర లాంగ్లీ బోలోమీటరును రూపొందించాడు. వేడి తగిలితే పలుచని లోహపు రేకు విద్యుత్ నిరోధం మారుతుందన్నదే దాని సూత్రం. నేటి స్కోపులో ఇలాంటి సూక్ష్మ బోలోమీటర్లు వేల సంఖ్యలో ఉంటాయి. అంతకు ముందటి సైనిక కెమెరాలలో గ్రాహకాన్ని అతిశీతలంగా ఉంచవలసి వచ్చేది. 1980లలో అమెరికాలో హనీవెల్ సంస్థ ఆ అవసరం లేని గ్రాహకాన్ని అభివృద్ధి చేయడంతో పరికరం చిన్నదైంది.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. 1926లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు తయారుచేసేది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. సైన్యానికి రాత్రి చూపు పరికరాలు ఆ కర్మాగారం నుంచి వెళ్తున్నాయి. ఇక్కడ ఒక తేడా గమనించండి. కొన్ని పరికరాలు నక్షత్రకాంతిని పెంచి చూపుతాయి. థర్మల్ పరికరానికి వెలుగుతో పనే లేదు; అది వస్తువు వేడిని చూస్తుంది.

ఇక ఎంపిక సంగతి. అమ్మేవారు చెప్పే దూరం సాధారణంగా 'ఏదో ఉంది' అని తెలిసే దూరమే. అది ఏమిటో పోల్చుకునే దూరం వేరు. ఈ భేదాన్ని 1958లో జాన్ జాన్సన్ లెక్కకట్టాడు. ఆయన కొలత ప్రకారం ఒక ఆకారాన్ని పోల్చుకోవాలంటే దాని చిన్న కొలతపై సుమారు 8 బిందువులు పడాలి. 25 మి.మీ. కటకం, 12 మైక్రాన్ల బిందువులు ఉన్న స్కోపులో 500 మీటర్ల దూరాన ఒక్కొక్క బిందువు 24 సెం.మీ. మేర కప్పుతుంది. 40 సెం.మీ. మందమున్న జింక శరీరం రెండు బిందువులకు మించదు. దానిని పోల్చుకోవాలంటే సుమారు 100 మీటర్ల దగ్గరకు రావాలి. అందుచేత కొనేముందు బిందువుల సంఖ్య, కటకం కొలత అడగండి. ఎండాకాలం రాత్రి తొలి జాములో రాళ్లు, నేల ఇంకా వేడిగా ఉండి బొమ్మ మసకబారుతుంది. తెల్లవారుజామున స్పష్టంగా ఉంటుంది. కిటికీ అద్దం గుండా మాత్రం ఏమీ కనబడదు.

ఈ లెక్క ఎందుకు ముఖ్యం? మన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మందలను రాత్రి ఆపుతారు. గొంగడి కప్పుకుని పడుకున్న కాపరి కూడా ఆ తెరపై ఒక తెల్లని మచ్చే. మచ్చను చూసి తుపాకి ఎత్తితే ప్రాణం పోవచ్చు. కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దానిని చంపితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు. కాబట్టి ఈ పరికరం చూడటానికి, డప్పు ఎటు మోగించాలో తెలుసుకోవడానికి మాత్రమే.

ఆలోచించండి: 'ఉంది' అని తెలియడానికీ, 'ఏమిటో' తెలియడానికీ గల భేదాన్ని మీ ఊరి ఉదాహరణతో వివరించండి.