పెద్దనాయని కావలి

చెన్నపట్టణమునకు మూడువందల యేండ్లు నిండిన 1939లో పండితులు వ్యాసములు వ్రాసి స్మారకసంపుట మొకటి వెలువరించిరి. నేటికిని ఆగస్టు మాసము వచ్చినచో చరిత్రాభిమానులు జార్జి టౌను సందులలో నడచుచు పూర్వగాథలు చెప్పుకొనుచునే యుందురు. ఆ ప్రసంగములలో ఫ్రాన్సిస్ డే, కోగన్ అను ఇంగ్లీషు కంపెనీ దొరల పేర్లు మాటిమాటికి వినవచ్చును గాని, దొంగను పట్టినదెవరు, హంతకునకు శిక్ష నిర్ణయించినదెవరు అని యడుగువారు అరుదు. ఆ ప్రశ్న వేసినగాని ఆ యూరి తొలినాళ్ల స్వరూపము బోధపడదు.

పడమట చంద్రగిరిలో క్షీణించుచున్న రాయల ప్రభుత, ఉత్తరము నుండి పైకొనివచ్చుచున్న గోలకొండ సైన్యములు, దక్షిణమున శాంథోములో బుడుతకీచులు. వీరి నడుమ ఇసుకనేలపై, 1639లో దామెర్ల వేంకటప్ప నాయకుడు, అనగా మన తెలుగు దొరయే, ఇంగ్లీషువారికి చోటిచ్చెను. కూలివాండ్రు, సిపాయిలు, నావికులు, సారాయి యంగళ్లు ఒక్కచోట చేరినప్పుడు నేరము పుట్టకుండునా? నగల కాశపడి ఒక స్త్రీని చంపిన నేరము బయటపడినప్పుడు, కంపెనీవారు తమ యధికార మెంతవరకో తెలియక నాయకునే యడిగిరి. మీ ధర్మము ననుసరించి శిక్షింపుడు, లేదా కర్ణాటక మర్యాద ననుసరించి నేనే శిక్షింతును. న్యాయము జరుగని చోటికి వర్తకమునకు వచ్చువారెవ్వరని ఆయన యుత్తరువు. 1642 ఆగస్టులో ఆంటోనియో మిరాండా యను బుడుతకీచు ఒక ఇంగ్లీషు సిపాయిని పొడిచి చంపగా, వానిని కావలియింటి ముంగట కాల్చి చంపిరి. ఇంగ్లీషు న్యాయము ఈ గడ్డపై అడుగిడినది తెలుగు నాయకుని యనుమతితోనను మాట మన చరిత్రకారులు మరికొంత గట్టిగా చెప్పవలసియున్నది.

ఇది మహానేరముల సంగతి. నిత్యము జరుగు చౌర్యములను కాచుకొనువాడు వేఱు, అతడే పెద్దనాయకుడు. వంశపారంపర్యముగా వచ్చిన యీ కావలికాడు తన బంట్రోతులతో నల్లవారి పట్టణమున రేయింబవళ్లు తిరుగుచు, దొంగ దొరకనిచో పోయిన సొత్తు వెలను తానే చెల్లింపవలసియుండెను. అందులకు ప్రతిఫలముగా పన్నులేని వరిపొలములును, ధాన్యము, చేపలు, నూనె, పోకచెక్కల వంటి సరకులపై చిల్లర సుంకములును అతనికి దక్కెడివి. దొంగలతో కావలివాండ్రకు లోపాయికారీ పొత్తు గలదన్న నింద తెన్నాడున కావలికాండ్ర నెల్లర నంటియే యున్నది, అది అంతయు అబద్ధమనుటకు నాకు నోరాడదు. అయినను బాధ్యతను నేరుగా కావలివాని సంచికి కట్టిన ఆ యేర్పాటులో మోటైన వివేకము గలదు.

1678లో స్ట్రైన్‌షామ్ మాస్టర్ గవర్నరు జ్యూరీతో కూడిన న్యాయస్థానము నెలకొల్పెను. 1688లో కార్పొరేషనును మేయరును వచ్చిరి. ఫ్రెంచివారి యాక్రమణము ముగిసినపిదప ఇంగ్లీషువారి కోటనానుకొనియున్న పాత నల్లవారి పట్టణము నేలమట్టమయ్యెను. ఆ చోటనే నేడు హైకోర్టు నిలిచియున్నది! తరువాత పెరిగిన పట్టణ మంతటికిని పాత కావలి చాలదని తలచి 1806లో పెద్దనాయకుని వంశాధికారమును రద్దుచేసి, వాల్టర్ గ్రాంటును పోలీసు సూపరింటెండెంటుగా నియమించిరి. ఆ పెద్దనాయకుని పేరు పెద్దనాయకనిపేటకు మిగిలెను. 1856లో నగరపోలీసు చట్టము వచ్చి బోల్డర్సన్ మొదటి కమిషనరయ్యెను. పోయిన సొత్తునకు కావలివాడే వెల చెల్లింపవలెనను నియమము మాత్రము ఆ చట్టములో లేదు.