కోఠీ గోడ వెనక తోట

హైదరాబాదులో ఉంటూ కోఠీ తెలియని ఆడవాళ్ళు ఉండరు. జాకెట్ ముక్కలకీ, మ్యాచింగ్ గాజులకీ, పిల్లల పాత పుస్తకాలకీ, పెళ్ళి కొనుగోళ్ళకీ అందరం అక్కడ చెప్పులరిగేలా తిరిగినవాళ్ళమే. కోఠీ అంటే బంగళా. ఆ పేటకి పేరిచ్చిన బంగళా ఇప్పటికీ విమెన్స్ కాలేజీ ప్రహరీ వెనకే ఉంది. మనం బేరమాడే సుల్తాన్ బజారుకు కూడా ఒకప్పుడు రెసిడెన్సీ బజారనే పేరు. 1933లో దాన్ని నిజాంకు తిరిగి అప్పగించేదాకా అక్కడ నడిచింది ఇంగ్లీషువాళ్ళ అధికారమే.

పోయిన చలికాలం ఒక హెరిటేజ్ వాక్‌లో ఆ గోడ లోపలికి వెళ్ళాను. చరిత్ర చదివిన ఒక అమ్మాయి, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు కలిసి నడిపించారు. భవనాల సంగతి ఆ అమ్మాయిది, చెట్ల సంగతి మాస్టారిది. ఇలాంటి నడకలు ఇదివరకూ చూశాను కానీ ఇద్దరూ కలిసి చెప్పడం ఇదే మొదటిసారి. ఒక్కరే చెప్పి ఉంటే ఆ తోట నాకు సగమే కనిపించేది.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. 1800 ప్రాంతంలో ఆ పదవిలో ఉన్నవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. కొత్త బంగళా కట్టుకోవడానికి మూసీ ఒడ్డున స్థలం కావాలని పెద్ద కాగితం మీద పటం గీయించి తీసుకెళ్తే, ముసలి నిజాం అలీఖాన్ ససేమిరా అన్నాడట. తన రాజ్యం పటాలు కూడా అంత పెద్దగా ఉండేవి కావు మరి! తర్వాత అదే స్థలాన్ని చిన్న కార్డుముక్క మీద గీసి చూపిస్తే సంతోషంగా ఒప్పుకున్నాడని కథ. నిజమో కాదో గానీ, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పని జరిపించుకున్న కోడళ్ళెవరికైనా ఈ కిటుకు కొత్త కాదు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. ముందు వైపు ఆరు పెద్ద స్తంభాలు, పొడవాటి మెట్ల వరస, అటూ ఇటూ రెండు సింహాలు. చూడగానే రాజ్యం ఎవరిదో తెలియాలన్నట్టు కట్టారు.

అయితే నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఆ మెట్ల దగ్గర కాదు. బంగళా వెనక, ఒకప్పటి జెనానా తోట ఉన్న చోట, నడుమెత్తు కన్నా కాస్త ఎక్కువుండే ఒక బొమ్మ బంగళా ఉంది. ముందున్న భవనానికి అచ్చు నకలు. స్తంభాలు కూడా ఉన్నాయి.

దాని కథ ఇది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువర్గానికి చెందిన ఖైరున్నిసాను పెళ్ళి చేసుకున్నాడు. అందుకోసం ఇస్లాం తీసుకున్నాడు. కంపెనీ పెద్దలు ఆ పెళ్ళి మీద విచారణ జరిపించారు, ఉద్యోగం పోయినంత పనైంది. ఆమె కోసం వెనక రంగ్ మహల్ అనే జెనానా కట్టించాడు. ఆమె పరదా పాటించే మనిషి. మగవాళ్ళు వచ్చిపోయే ముందు వైపుకి ఆమె రాకూడదు. తన భర్త కట్టిన భవనం ముందు నుంచి ఎలా ఉంటుందో చూడాలన్నా వీల్లేదు కదా, అందుకని ఈ నమూనా చేయించి ఆమె తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు. పిల్లల ఆటబొమ్మ అనేవాళ్ళూ ఉన్నారట. ఏదైనా, ఆమె రోజూ చూసింది ఆ బొమ్మనే. మా గుంపులో కొందరు "ఎంత ప్రేమో!" అన్నారు. నాకు ప్రేమ కన్నా ముందు ఆ దూరం కనిపించింది. పట్టుమని రెండు నిమిషాల నడక.

మాస్టారు అక్కడ ఒక ఆట పెట్టారు. "ఖైరున్నిసా ఈ తోటలో ఏయే మొక్కలు చూసి ఉంటుంది, ఏవి చూసి ఉండదు, చెప్పండి." మేమంతా తురాయి, కాగితం పూలు, నిద్రగన్నేరు అంటూ కంటికి కనబడ్డవన్నీ చెప్పేశాం. ఒక్కటీ కాదన్నారాయన. ఎర్ర తురాయి మడగాస్కర్ చెట్టు, బయటి ప్రపంచానికి తెలిసిందే 1820ల చివర. కాగితం పూలూ నిద్రగన్నేరూ దక్షిణ అమెరికా నుంచి ఆమె పోయాక ఎన్నో ఏళ్ళకి మన దేశానికి వచ్చాయి. ఇప్పుడు మనం "పాతకాలపు తోట" అనుకునే రంగులేవీ ఆ తోటలో లేవు. మామిడి, చింత, దానిమ్మ, నారింజ, మల్లె, పారిజాతం ఉండి ఉంటాయి. జామ, బొప్పాయి, బంతి కూడా ఉండొచ్చు. అవీ అమెరికా ఖండాలవే, కానీ పోర్చుగీసు ఓడల్లో అంతకు రెండు వందల ఏళ్ళ ముందే వచ్చేశాయి. బంతి మన పువ్వు కాదనేసరికి ఆడవాళ్ళమంతా గొడవ పెట్టేశాం. బంతి లేని బతుకమ్మా! మాస్టారు నవ్వి, తంగేడు మాత్రం ముమ్మాటికీ మనదేనని ఒప్పుకుని బయటపడ్డారు. తారీఖులు నోటికి పట్టని నాకు చరిత్ర ఇలా చెబితే ఎక్కింది. బొగడబంతికి, బంతికి తేడా చెప్పినంత సులువుగా 1813కీ 1860కీ తేడా తెలిసింది.

1813 ఖైరున్నిసా చనిపోయిన ఏడాది. ఆ కథ నడకలో ఐదు నిమిషాల్లో ముగిసింది గానీ నేను ఇంటికొచ్చి చాలా చదివాను. 1805లో నాలుగేళ్ళ కొడుకునీ మూడేళ్ళ కూతుర్నీ చదువుల కోసం ఇంగ్లండుకు ఓడెక్కించారు. ఆ ఏడాదే అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఆ తర్వాత ఆమెను హైదరాబాదులో ఉండనివ్వలేదు. కొన్నేళ్ళు మన మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. చివరికి హైదరాబాదు తిరిగొచ్చి, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే కన్నుమూసింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు. అందరూ దీన్ని తెల్లదొర, నవాబుగారమ్మాయి ప్రేమకథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో అమ్మమ్మ కథే పెద్దది. కూతురు పోయింది, మనవడూ మనవరాలూ సముద్రం అవతల. ఆ అమ్మమ్మ పేరు షరఫున్నిసా. హైదరాబాదులో సాహెబ్ బేగం అని పిలుచుకున్న మనవరాలు అక్కడ కిట్టీ అయింది, పెళ్ళయింది, పిల్లల తల్లయింది. 1840లలో, అంటే దాదాపు ముప్ఫై ఆరేళ్ళ తర్వాత, అమ్మమ్మ బతికే ఉందని తెలిసి ఉత్తరాలు మొదలుపెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఎవరో రాసిపెట్టాలి, ఎవరో చదివిపెట్టాలి. విడిపోయేటప్పుడు అమ్మ ఎక్కడ కూర్చుని ఎలా ఏడ్చిందో తనకింకా గుర్తుందని కిట్టీ ఆ ఉత్తరాల్లో రాసింది. మూడేళ్ళ పిల్లకి! ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ గీసిన అన్నాచెల్లెళ్ళ చిత్రాన్ని పెద్దయ్యాక ఒకరింటి గోడ మీద చూసి వెక్కివెక్కి ఏడ్చిందట. అమ్మమ్మా మనవరాలూ మాత్రం ఒకరినొకరు చూసుకోకుండానే వెళ్ళిపోయారు.

రంగ్ మహల్ ఇప్పుడు లేదు. 19వ శతాబ్దం మధ్యలో తర్వాతి దొరలు దాన్ని కూల్చేశారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులతో వచ్చి రెసిడెన్సీ మీద దాడి చేశాక ప్రహరీలను బలపరిచారు. ఎత్తు గోడల వెనక తోట మరింత దూరమైంది. గోడ బయట, అదే రెసిడెన్సీ బజారులో, 1901లో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. ఆయన పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారూ దానికి చేయూతనిచ్చారు. తెలుగు పుస్తకం కోసం కోఠీ వెళ్ళే అలవాటు అప్పటిది.

1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ బంగళాలోకి వచ్చింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఖైరున్నిసా ఎక్కలేకపోయిన ముందు మెట్ల మీద మేం వెళ్ళిన రోజు ఇద్దరమ్మాయిలు కూర్చుని ఒకే టిఫిన్ డబ్బాలో తింటున్నారు. మా గైడు అమ్మాయి కూడా ఇక్కడే చదివిందట. భవనం శిథిలమైపోతోందని చాలా ఏళ్ళు ఆందోళన చెందాక ఈ మధ్యే బాగు చేశారు. తోట బాగుపడటానికి ఇంకా సమయం పడుతుంది.

ఇక నా ఫిర్యాదు ఒకటుంది. ఈ నడకలన్నీ ఆదివారం పొద్దున ఏడింటికే ఎందుకు పెడతారు? ఎండ రాకముందు, ట్రాఫిక్ లేకముందు అంటారు, నిజమే. కానీ ఆదివారం ఏడింటికి ఇంటి ఇల్లాలు ఎక్కడుంటుంది? ఇడ్లీ పిండి ముందో, లేటుగా లేచే పిల్లల కాఫీల ముందో. ఆ రోజు మా గుంపులో ముప్ఫైమందికి పైగా ఉంటే, నా వయసు గృహిణులం నలుగురం. అందులో ఒకావిడ రాత్రే పులిహోర కలిపి పెట్టి వచ్చింది. వారాంతాల్లో ఉద్యానశాఖ వాళ్ళు పెట్టే మిద్దెతోట తరగతులకీ ఇదే చిక్కు. కుండీలకు నీళ్ళు పోసేది మనం, తరగతికి వెళ్ళేది ఆయన.

ఈ మాట అంటే మా అత్తమ్మ నుమాయిష్ సంగతి ఎత్తారు. నుమాయిష్ మొదటిసారి జరిగింది 1938లో, పబ్లిక్ గార్డెన్స్‌లో. 1946 నుంచి ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. అందులో ఒక రోజు ఆడవాళ్ళకే కేటాయించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ మిగతా రోజుల్లో గడప దాటేది కాదట. లేడీస్ డే నాడు మాత్రం పొద్దున్నే వంట ముగించి, పిల్లల్నీ ఇరుగుపొరుగునూ వెంటేసుకుని బయల్దేరేది. "ఆ ఒక్కరోజు మా ఇంట్ల మగవాళ్ళే అన్నం పెట్టుకున్నరు" అన్నారు అత్తమ్మ, ఇప్పటికీ అదో వింతలాగా. పరదా కోసం పెట్టిన ఏర్పాటే కావచ్చు. కానీ ఆడవాళ్ళు ఎప్పుడు రాగలరో చూసుకుని తలుపు తీసింది ఎవరో ఒకరు.

మేం నలుగురం కలిసి గైడు అమ్మాయిని అడిగాం. డిసెంబరులో ఒక బుధవారం, పదిన్నరకి. పిల్లలు బడికి, మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళాక. సరేనంది. పదకొండుమంది వచ్చాం, అత్తమ్మతో సహా. ఈసారి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఉన్న చింతచెట్టు దగ్గరికి.

1908 సెప్టెంబరు 28. మూసీ ఊరి మీద పడింది. పురానాపూల్ తప్ప మిగిలిన వంతెనలు కొట్టుకుపోయాయి. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ ఆ ఒక్క వరదలోనే పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నది ఒడ్డుకొచ్చి మూసీకి చీర, పసుపు కుంకుమలు సమర్పించారని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు, రెండు రోజులు కొమ్మల్లోనే గడిపారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

అంత వరదకి చెట్టెలా నిలిచిందని ఎవరో అడిగారు. మాస్టారు చెప్పారు: చింతకు వేరు లోతుకు దిగుతుంది, కొమ్మ గట్టిది, అయినా వంగుతుంది, పుటుక్కున విరగదు. తుఫాను గాలుల్ని బాగా తట్టుకునే చెట్లలో ఇదొకటి. మేం మొదలు చుట్టూ తిరిగాం. నూట యాభైమందిని మనసులో ఆ కొమ్మల మీదికి ఎక్కించి చూడబోయాను, కుదరలేదు. అందులో చంటిపిల్లల తల్లులు ఎంతమందో, వాళ్ళు ఏ చేత్తో కొమ్మ పట్టుకుని ఏ చేత్తో బిడ్డను పట్టుకున్నారో.

గైడు అమ్మాయి ఏమైనా ప్రశ్నలున్నాయా అంది. అత్తమ్మ అంతసేపూ పైకే చూస్తున్నారు.

"ఏం బిడ్డా, దీనికింకా చిగురొస్తదా?"

వస్తుందన్నారు మాస్టారు, ఎండాకాలం మొదట్లో.

"మరి ఎవరన్న తెంపుకపోతరా?"

ఆయన దగ్గర దానికి జవాబు లేదు. అత్తమ్మ కాయితం తీసి ఏప్రిల్లో ఇంకో బుధవారం రాసుకోమన్నారు.