స్టేట్ యూనివర్సిటీలో సీటు: ఇక్కడా లోకల్, నాన్-లోకలే!

లోకల్, నాన్-లోకల్ గొడవ మనకి కొత్త కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. కౌన్సెలింగ్‌లో నేను నాన్-లోకల్‌ని. ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చాక మళ్ళీ అదే కథ, అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు!

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. నార్త్ కరోలినా 1986లోనే బయటివాళ్ళు 18 శాతం మించకూడదంది (తర్వాత కొన్ని క్యాంపస్‌లకి సడలించారు). కాలిఫోర్నియా తంటా వేరు. 2008 మాంద్యంలో రాష్ట్రం నిధులు కోసేస్తే, యూనివర్సిటీ ఎక్కువ ఫీజు కట్టే బయటివాళ్ళని చేర్చుకుంది. పన్నులు కట్టేది మేం, సీట్లు వాళ్ళకా అని స్థానికులు గోలపెట్టారు. 2016లో స్టేట్ ఆడిటర్ కూడా తప్పుపట్టారు. 2017లో రీజెంట్లు ఐదు క్యాంపస్‌లకి 18 శాతం హద్దు పెట్టి, బర్క్‌లీ, లాస్ ఏంజిల్స్, శాన్ డియేగో, అర్వైన్‌లని అప్పటికున్న శాతం దగ్గరే ఆపారు. 2021లో రాష్ట్రం, మొదటి మూడింటినీ 18కి దించండి, పోయే ఫీజు మేమిస్తామంది. ఆ ఫీజు తక్కువేం కాదు. 2025-26లో కొత్తగా చేరిన నాన్-రెసిడెంట్ అండర్‌గ్రాడ్యుయేట్ అందరూ కట్టేదానిపైన మరో 37,602 డాలర్లు కట్టాలి.

టెక్సస్‌లో 1997 చట్టంతో హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయం. ఆస్టిన్‌కి తాకిడి ఎక్కువై, 2009లో సవరించారు. అక్కడ ఫ్రెష్‌మెన్‌లో బయటివాళ్ళు 10 శాతం దాటకూడదు. ఖాయం సీటు హద్దు కూడా తగ్గుతూ 2026 ఫాల్‌కి 5 శాతానికి వచ్చింది. నా మటుకు నాకు ఇదే నయం, లెక్క ముందే తెలుస్తుంది. కాకపోతే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు కిక్కిరిసిన స్కూళ్ళలో ఆ 5 శాతం అందుకోవడం ఐఐటీ ర్యాంకు తెచ్చుకున్నంత పని.

మా అక్క కొడుకు పన్నెండో క్లాసులో ఉండగా డిసెంబర్‌లో బావగారికి బే ఏరియాలో ఉద్యోగం వచ్చింది. కాలిఫోర్నియాలో రెసిడెంట్ ఫీజు కావాలంటే క్లాసులు మొదలయ్యేనాటికి తల్లిదండ్రులు 366 రోజులుగా అక్కడ ఉండాలి. ఆగస్టుకి అది కుదరదు. అందరూ వెళ్ళిపోతే టెక్సస్ రెసిడెన్సీ కూడా చిక్కుల్లో పడుతుంది. బావగారు ఒక్కరే వెళ్ళారు. అక్కా, పిల్లవాడూ డాలస్‌లోనే ఉండిపోయారు. రెండు అద్దెలు కట్టినా, నాలుగేళ్ళ ఫీజుతో పోలిస్తే చిల్లరే.

ఇంకో మాట. ఈ రెండు రాష్ట్రాల్లోనూ హెచ్-4 పిల్లలు రెసిడెంట్లు కావచ్చు. కానీ 21 నిండగానే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి మారాలి. అప్పుడు రెసిడెంట్ ఫీజు కొనసాగుతుందా లేదా అన్నది చేరేముందే రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి.