కాగితం తలుపులు, వానా

జపానులో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మేం అద్దెకున్న పాత ఇంట్లో ఒక గదికి షోజి తలుపులుండేవి. సన్నటి చెక్క పుల్లల చట్రం, దానికి అంటించిన తెల్ల కాగితం, గాడిలో పక్కకి జరుగుతుంది. చేరిన వారానికే మా బుడ్డిది వేలితో మూడు చిల్లులు పెట్టేసింది. అడ్వాన్సు పోయినట్టే అనుకున్నాం. ఇంటావిడ చూసి నవ్వి, కాగితాన్ని చెర్రీ పువ్వులా కత్తిరించి చిల్లుల మీద అంటించి వెళ్ళిపోయింది. ఏడాది చివర ఇల్లు దులిపేటప్పుడు కాగితం ఎలాగూ మారుస్తారట!

"ఇప్పుడంటే బయట అద్దం తలుపుంది. అద్దాల్లేని రోజుల్లో వానొస్తే ఏం చేసేవాళ్ళో?" అంది మా ఆవిడ. మంచి ప్రశ్నే.

హేయాన్ కాలంలో (794-1185) గొప్పవాళ్ళ ఇళ్ళు గదుల్లేని పెద్ద హాళ్ళు. మడత తెరలు, గుడ్డ తెరలు, వెదురు తడికెలే చాటు. షోజి అన్న మాట అప్పట్లో ఏ అడ్డానికైనా వాడేవారు. రెండువైపులా మందంగా కాగితమో గుడ్డో అంటిస్తే (ఇప్పుడు ఫుసుమా అంటున్నది అదే) మూయగానే గది చీకటి. పల్చటి కాగితం ఒక్క పొర అంటిస్తే వెలుగొస్తుందన్నది ఆ కాలం చివర్లో తట్టిన ఆలోచన. కోజో చెట్టు బెరడు నారతో చేసింది కాబట్టి పల్చగా ఉన్నా గట్టి కాగితమే. 1486లో క్యోటోలో అషికాగా యోషిమాసా కట్టించిన తోగుదొలో, నాలుగున్నర చాపల గదిలో, రాత బల్ల ముందు వెలుగు కోసం పెట్టింది ఈ షోజీనే.

కానీ ఎంత గట్టిదైనా వానకి ఆగదు కదా. అందుకని బయటి గుమ్మాలకి మూడు గాడులు పెట్టేవాళ్ళు. రెండు చెక్క తలుపులు, ఒక షోజి. చిక్కేంటంటే, చెక్క తలుపులు రెండింటినీ ఒకదాని వెనక ఒకటి జరిపినా సగం గుమ్మం మూసే ఉంటుంది. వెలుగు సగమే!

17వ శతాబ్దం మొదట్లో దీనికి విరుగుడుగా అమాదొ, అంటే వాన తలుపులు, వాడకంలోకొచ్చాయి. అన్నిటికన్నా బయట ఒకే ఒక్క గాడి. తేలికైన చెక్క పలకల్ని వరసగా తోసుకుంటూ పోయి గోడ చివరున్న పెట్టెలో దూర్చేయడమే. పగలు మొత్తం గుమ్మం షోజీదే. గదంతా వెలుగు. ఫొటోలన్నీ కాగితానికే తీస్తాం గానీ, నన్నడిగితే ఈ కథలో అసలు హీరో ఆ పెట్టెలో నక్కిన చెక్క. (ఫ్రంటెండ్ వాడికి చప్పట్లు, నైట్ సపోర్టు ఇంకొకడికి. మనకి కొత్తేం కాదు.)

తర్వాత అద్దం వచ్చింది. రచయిత తానిజాకి తన ఇంటికి లోపల కాగితం, బయట అద్దం పెట్టించి, ఖర్చు పెరిగినా రెండిటి అందమూ పోయిందని 1933లో వాపోయాడు. మాకు ఆ బాధ తెలీలేదు లెండి. వాన లోపలికి రాలేదు, ఇల్లు ఖాళీ చేసేనాటికి తలుపు మీద పదకొండు పువ్వులున్నాయి.