రాకాసి గుళ్ళు ఎవరివి?

తెలంగాణ పల్లెల్లో ఊరి బయట చెల్కల్లోనో, గుట్టల కిందనో పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి ఉంటాయి. నడుమ రాళ్ళ కుప్ప, దాని కింద నిలువు బండలతో కట్టిన గది, గది మీద కప్పుబండ. ఇవి సమాధులు. ఎక్కువభాగం క్రీస్తుకు ముందు వెయ్యేళ్ళలో కట్టినవి, కొన్ని అంతకన్నా పాతవి. బడిపుస్తకంలో 'బృహత్ శిలాయుగం' అని ఒక పేరా ఉంటుంది. ఆ పేరా తమ ఊరి చెల్కలోని రాళ్ళ గురించేనని పిల్లలకు చెప్పే పంతుళ్ళు తక్కువ. గొర్లకాపరిని అడిగితే నేరుగా తీసుకుపోయి చూపిస్తాడు.

చూపించి ఏమంటాడు? 'ఇవి రాకాసి గుళ్ళు' అంటాడు. కొన్నిచోట్ల పాండవుల గుళ్ళు అంటారు. పక్కనే కర్ణాటకలో, కొప్పళ జిల్లా హిరేబెణకల్ గుట్ట మీద వందల కొద్దీ రాతి గదులున్నాయి. వాటిని అక్కడివాళ్ళు మోరియరు అనే మరుగుజ్జులు కట్టారంటారు. ఈ పేర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టినవాళ్ళు రాక్షసులు, లేకపోతే పురాణ పురుషులు, అదీ కాకపోతే గుజ్జురూపులు. మామూలు మనుషులు, చెమటోడ్చి బతికేవాళ్ళు కట్టారని మాత్రం ఏ పేరులోనూ లేదు.

దొరల సంగతీ ఇంతే. 1850లలో సురపురంలో కంపెనీ అధికారిగా ఉన్న మెడోస్ టేలర్ ఇటువంటి సమాధుల్ని తవ్వించి, కొలిచి, బొమ్మలు గీసి పెట్టాడు. ఆ పని విలువైనదే, కాదనం. అయితే 1860లలో అచ్చయిన తన వ్యాసం శీర్షికలోనే వాటిని కెల్టుల, డ్రూయిడ్ల, సిథియన్ల కట్టడాలన్నాడు. ఐర్లండులోని రాళ్ళను పోలి ఉన్నాయి కాబట్టి కట్టినవాళ్ళు కూడా అక్కడి బంధువులే అయి ఉండాలన్నమాట! తవ్విన కూలీల ముత్తాతలు కట్టి ఉండవచ్చన్న ఆలోచనకు చోటే దొరకలేదు. మన పౌరాణికులకూ తెల్లదొరలకూ ఈ ఒక్క విషయంలో కుదిరిన ఏకాభిప్రాయం చూస్తే నవ్వొస్తుంది.

మరి లోపల ఏం దొరికింది? నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనప గొడ్డళ్ళు, కొడవళ్ళు, ఉలులు, కత్తులు, పూసలు. చాలాచోట్ల ఎముకలు ఒక్క మనిషివి కావు, పలువురివి. ముందు మరోచోట ఉంచి, తరవాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టినవి. కుండ చేసినవాడు, ఇనుము కరిగించినవాడు, బండ చీల్చినవాడు లేకుండా ఇందులో ఒక్క వస్తువూ లేదు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో పురావస్తు శాఖ ఒక సమాధి తెరిచింది. దాని కప్పుబండ సుమారు 40 టన్నులు. లేపడానికి క్రేను తేవలసి వచ్చింది. ఆనాడు క్రేను లేదు. బండను పొరగా లేపి, దుంగల మీద దొర్లించి, తాళ్ళేసి లాగి, మట్టికట్ట మీదుగా ఎక్కించి ఉంటారని అనుకోవాలి. ఎన్ని చేతులు, ఎన్ని రోజులు? రాకాసి అనేస్తే ఈ లెక్క వేయనక్కర్లేదు.

ఇక్కడ మా మిత్రులు కొందరు ఒక అడుగు ముందుకేసి, 'అయితే ఇవి మన సమాధులే, మాల మాదిగలవే' అంటున్నారు. ఈ మాట వెనకున్న ఆవేదన మాకు తెలుసు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచములనే పేరు తోసేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నప్పుడు ఆ 'ఆది' అన్న మాట ఎంత బలమిచ్చిందో చెప్పనక్కర్లేదు. అంతకు చాలా ముందే, 1873లో, ఫూలే 'గులాంగిరి'లో అవతార కథల్ని తిరగేసి బలిచక్రవర్తిని ప్రజల రాజుగా నిలబెట్టాడు. కానీ అంబేద్కర్ 1948 నాటి 'ది అన్‌టచబుల్స్'లో ఏమన్నారు? అంటరానివాళ్ళది వేరే జాతి అన్న వాదాన్ని కొట్టిపారేశారు. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని తేల్చారు. ఆ లెక్కన ఈ రాళ్ళు నిలిపిననాటికి మాలవాడా లేదు, మాదిగవాడా లేదు. నేటి కులం పేరు ఆ సమాధి మీద రాయబోతే కులాన్నే అనాదిగా ఒప్పుకున్నట్టవుతుంది. మనువాదులకు కావలసింది కూడా అదే కదా.

ఇంకో మాట. అది సమానత్వపు స్వర్ణయుగం అని కూడా మేము అనలేం. ఊళ్ళో చచ్చిన ప్రతివాడికీ 40 టన్నుల బండ పడలేదు. ఒక సమాధిలో ఆయుధాలు, నగలు ఉంటే మరో దాంట్లో నాలుగు కుండలే ఉంటాయి. బండ మోసిన వాళ్ళలో ఎందరికి బండ దక్కింది?

నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాలు ఉంది. సుమారు 80 నిలువురాళ్ళు, 10 నుంచి 14 అడుగుల ఎత్తు, వాటి చుట్టూ వేల చిన్న రాళ్ళు. ఒక రాతి మీద గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని, రాళ్ళ వరసలు సూర్యుడి గమనంతో కలుస్తాయని పరిశోధకులు చెబుతున్నారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఊరివాళ్ళకు అది నిలురాళ్ళ తిమ్మప్ప. ఒక రాయి ఎల్లమ్మ. రాయి కూలకుండా ఇన్నాళ్ళు కాపాడింది ఆ కొలుపే అనుకోవచ్చు. అట్లని కొలుపు మొత్తాన్నీ నెత్తినెత్తుకోలేం. ఇదే ప్రాంతంలో ఎల్లమ్మ పేరు మీదే దళిత ఆడపిల్లల్ని జోగినులుగా విడిచారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం కావలసి వచ్చింది.

మిగతాచోట్ల రాళ్ళు పోతున్నాయి. ఏలేశ్వరం సమాధులు సాగర్ నీళ్ళ కిందికి పోయాయి. మౌలాలి, హష్మత్‌పేటల మీదుగా హైదరాబాదు పెరిగింది. క్వారీలు, ప్లాట్లు, గుప్తనిధుల వేట సరేసరి. క్వారీలో సమ్మెట పట్టే వడ్డెర కూలీని దొంగగా చూపే వార్తలు మనకొద్దు, లీజు ఎవరి పేరున ఉందో చూడాలి. ఇంకొకటి కూడా చూడాలి. మన వాడల్లో ఇప్పటికీ పాతిపెడతాం, మీద రాళ్ళు పేరుస్తాం, పిట్టకు పెడతాం. ఇంకా చాలా కులాలదీ ఇదే ఆచారం. మూడువేల ఏళ్ళ సమాధికి కంచె వేసే ప్రభుత్వం, నిన్న పాతిన సమాధి ఉన్న జాగా ఆక్రమణకు గురైతే దళితుల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతుంది.

విద్యార్థుల్ని తీసుకుపోయే పంతుళ్ళకు రెండు మూడు మాటలు. పంట కోసినాక, ఎండలు ముదరక ముందు పోండి. పెంకు ముక్క కూడా జేబులో వేసుకోనివ్వకండి. వలయం అడ్డం ఎన్ని అడుగులు, ఎన్ని గుండ్లు, కప్పుబండ ఎంత మందమో కొలిచి రాయించండి. కొలతలు తెలిస్తే బరువు లెక్క కట్టొచ్చు. గ్రానైటు ఘనపు మీటరు సుమారు 2.7 టన్నులు. ఆ లెక్క పట్టుకుని ఊళ్ళో రాళ్ళు కొట్టే పెద్దమనిషి దగ్గర కూచోండి. మంటపెట్టి బండ పొర ఎట్లా లేపుతారో, ఎంత బండకు ఎందరు కావాలో అడగండి. ముడుమాలులో రేపు బోర్డులు పెడతారు. వాటి మీద సప్తర్షి మండలం తప్పక ఉంటుంది. ఆ పెద్దమనిషి చెప్పిన లెక్క కూడా ఉండాలని అడగడానికి ఇప్పుడైతే సమయం ఉంది.