రాత్రి రెండు గంటలు మార్నింగ్ ఎట్లయింది?

పిల్లలకు ఇంగ్లీషులో టైము నేర్పించేటప్పుడు మీరూ గమనించే ఉంటారు. హాఫ్ పాస్ట్ సిక్స్ అంటే ఆరున్నర, క్వార్టర్ టు సిక్స్ అంటే పావు తక్కువ ఆరు. మనమూ అట్లే అంటాం కాబట్టి ఇవి ఇట్టే వచ్చేస్తాయి. మా పాప ఆగిపోయింది 'టూ ఓ క్లాక్ ఇన్ ద మార్నింగ్' దగ్గర. రాత్రి రెండు గంటలు మార్నింగ్ ఎట్లవుతుందమ్మా అంది. చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్తమ్మ, "నడిరేయి పూట మార్నింగంట!" అని ఒకటే నవ్వు.

అత్తమ్మ చిన్నప్పుడు వాళ్లింట్లో గడియారమే లేదట. కోడి కూసే యేళకు పెన్నలో చెలమ నీళ్లకు పోవడం, సద్దుల యేళకు చేన్లోకి సద్ది మోయడం, బారెడు పొద్దుండగా ఇల్లు చేరడం. అంతే లెక్క.

పంచాంగం లెక్కా పొద్దుతోనే మొదలు. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. జాములు 8, జాముకు 3 గంటలు. సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒకే వారం. సోమవారం రాత్రి రెండు గంటలకు బిడ్డ పుడితే మన పెద్దలకు అది సోమవారమే. ఆసుపత్రి కాగితంలో మాత్రం మంగళవారం.

ఇంగ్లీషు వాళ్లు మొదటి నుంచీ ఇట్లా ఉన్నారా అంటే, లేదు. నూన్ అనే మాట లాటిన్‌లో 'తొమ్మిదో గంట' నుంచి వచ్చింది. పొద్దు పొడిచినప్పటి నుంచి తొమ్మిదో గంట, అంటే మన మధ్యాహ్నం మూడు. చర్చిలో ఆ వేళ చేసే ప్రార్థన జరిగి జరిగి పన్నెండుకొచ్చేసరికి, మాట కూడా దాంతోపాటే వచ్చింది. ఏఎం, పీఎం కూడా లాటినే, మిట్టమధ్యాహ్నానికి ముందు, తర్వాత అని.

మన వైపు గడియారంతో పెద్ద పని పెట్టింది రైలు. మద్రాసు నుంచి గుత్తి మీదుగా పోయే లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఊరికో టైముంటే రైళ్లు నడవవు కదా, అందుకని రైళ్లకు చాలాకాలం మద్రాసు టైమే వాడారు. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైము పెట్టారు, మద్రాసు టైము కన్నా 9 నిమిషాలు ముందుగా. ఆ టైముకు ఆధారమైన రేఖ కాకినాడ దగ్గర్లో పోతుంది. మనం దానికి పడమరన ఉన్నాం. అందుకే పామిడిలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో సుమారు 12.20 అవుతుంది. అత్తమ్మ పొద్దు చూసి "పన్నెండైంది" అంటే నేను గడియారం చూపించి దిద్దేదాన్ని. ఇప్పుడు దిద్దడం లేదు!

ఇదంతా నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఒక్కోసారి చానా బాధ కూడా పెడుతుంది. మా వీధిలో ఒకామె చెల్లెలి కూతురి పెళ్లికి గుత్తిలో రైలెక్కాలి. టికెట్ మీద 15వ తేదీ, 00.25 అని ఉంది. 15వ తేదీ రాత్రి అన్నాలు తిని, ఒడిబియ్యం, చీరలు సర్దుకుని, పిల్లలతో సహా స్టేషనుకు పోయారు. వాళ్ల రైలు ముందు రాత్రే వెళ్లిపోయింది. ఏదో బస్సు పట్టుకుని పోయేసరికి తలంబ్రాలు కూడా అయిపోయినాయి. చెల్లెలు మూడు నెలలు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆమె సున్నా సున్నాతో మొదలయ్యే టికెట్ ఏది తీసుకున్నా, వెనకవైపు పెన్నుతో పెద్దగా రాసుకుంటుంది: "14 మాపటికి అన్నం తిని బయల్దేరేది."