పాపప్రక్షాళనము – పురుషోత్తమ చౌదరిగారి చరిత్రము

మన సీమయందు పాపప్రక్షాళనమను మాట నూతనమైనది కాదు. శ్రీకూర్మమున శ్వేతపుష్కరిణిలో స్నానమాడువారును, శివరాత్రినాఁడు నాగావళీ సువర్ణముఖీ వేగవతులు కలియు సంగమునకు నడచిపోవువారును, బారువలో మహేంద్రతనయ సముద్రమును చేరుచోట మునుఁగువారును ఒక్క కోరికతోనే పోవుచున్నారు. చేసినది కడిగికొనవలెను, మరల నిర్మలులమై యిల్లు చేరవలెను. ఈ కోరికయే యొకానొక బ్రాహ్మణుని, నూటతొంబది యేండ్లకు పూర్వము, పర్లాకిమిడి సీమనుండి క్రైస్తవమతమునకు నడిపించెను. ఆ చరిత్రమును మన సంఘసభ్యులకు విన్నవించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట మాటల నించుక విచారింతము. ప్రాయశ్చిత్త శబ్దమునకు మన స్మృతికారులు తపోనిశ్చయమని యర్థము చెప్పిరి. అనఁగా దోషి తాను వ్రతమో దానమో యుపవాసమో చేసి దోషమును తీర్చికొనును. క్షమ యన్ననో వేఱు. దాని ధాతువునకు సహించుట యని యర్థము. త్రొక్కినవానిని సైతము మోయుచున్నది గనుక భూమికి క్షమ యని పేరు గలిగెను. ప్రాయశ్చిత్తము దోషి చేయునది; క్షమ దోషము సహించినవాఁడు చేయునది. ఋగ్వేదమున వసిష్ఠుఁడు వరుణుని మ్రోల నిలిచి తన తప్పేమని యడిగి వేఁడుకొన్నది యీ క్షమనే. కాఁబట్టి యీ భావము మన పూర్వులకు తెలియనిది కాదు.

1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారగు క్రాను, డేగ్రాంజిగార్లు విశాఖపట్టణమున దిగి తెలుఁగు నేర్వసాగిరి. వారికి తోడైనవాఁడు ఆనందరాయరను బ్రాహ్మణుఁడు. ఈయన పూర్వము మంత్రజపమును లక్షలకొలది చేసియు మనశ్శాంతి గానక క్రైస్తవుఁడయ్యెనని యా సంఘమువారు వ్రాసికొనిరి. వీరి ప్రయత్నమువలన మూఁడు సువార్తలు తెలుఁగున 1812లో సీరాంపురమున అచ్చుపడెను. దొరలిద్దఱును ఆ గ్రంథమును చూడకయే, 1809, 1810 సంవత్సరములలో, గతించిరి. ప్రిచెట్టుగారి క్రొత్తనిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. పశ్చాత్తాపము, క్షమాపణము, రక్షణము, విమోచనము అను సంస్కృతపదములే క్రొత్త యర్థమును ధరించి పల్లెలకు పోయెను.

పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనాపురమున, వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. తెలుఁగు చక్కఁగా నేర్చిరి. యౌవనమునందే క్రైస్తవమతమునుగూర్చిన తెలుఁగు చిన్నపుస్తకములు వారి చేతఁబడెను. చదివినది మనస్సున నాటుకొనినను, తొందరపడక విచారించి, 1833లో కటకమునందు జ్ఞానస్నానము పొందిరి. ఆ కాలమున జ్ఞానస్నానమనఁగా కులభ్రంశమే. అది తెలిసియు వెనుదీయలేదు. అటుపిమ్మట బోధకులై మన యుత్తరసీమయందు సంచరించి, 1890లో పరమపదించిరి.

వారు గ్రహించిన తత్త్వమిది. పాపము మనుష్యుఁడు తన పుణ్యముతో చెల్లుకట్టదగిన పద్దు కాదు. ఋణదాతయే కృపతో పత్రమును చింపవలెను. క్రీస్తు తన ప్రాణమునిచ్చి ఆ ఋణమును తీర్చెననియు, నమ్మి పశ్చాత్తాపపడినవాఁడు శుద్ధుఁడగుననియు క్రైస్తవుల విశ్వాసము. చౌదరిగారు రచించిన గ్రంథములలో నొకటి నిస్తారరత్నాకరము. నిస్తారమనఁగా దాఁటుట. దాఁటించువాఁడొకఁడు కావలెనన్నదే వారి సిద్ధాంతము. దీనిని వారు వాదముగా విడువక, రాగతాళములు గూర్చి నూఱుకు పైఁబడిన కీర్తనలుగా పాడిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున అవి నేఁటికిని నిలిచియున్నవి. దేవునియెదుట ఆర్తుఁడై మొఱపెట్టు భక్తుని కంఠము అందు వినవచ్చును. త్యాగరాజస్వామి కీర్తనలు విన్న చెవికి ఆ ధోరణి పరాయిది కాదు.

ఇఁక మనవిషయము. మన కులమునందును కొన్ని కుటుంబములు ఆ మతము నవలంబించినవి. వారియెడ మన నడత యెట్లుండెను? ఇతరుల ననుటకంటె మా దోషమునే చెప్పుట మేలు. మాతో నొకే బల్లపై కూర్చుండి చదువుకొన్న మిత్రుని తండ్రి గతించినపుడు మనవారెవ్వరును ఆ యింటికి పోలేదు. మేమప్పటికే ఉపాధ్యాయులము, పిల్లలకు నీతిశ్లోకములు చెప్పుచుంటిమి. అయినను మేమును పోలేదు. అనేక సంవత్సరములు గడచిన పిదప ఒకనాఁటి సాయంకాలము పోయి, తప్పు చేసితిమని చెప్పితిమి. ఆయన మమ్ము కూర్చుండఁజేసి, కాఫీ తెప్పించి, మా పిల్లల క్షేమమడిగెను. ఆ పాతమాట యెత్తనే లేదు. క్షమాశబ్దమునకు మేము నిఘంటువులందు చదివిన యర్థము ఆనాఁడు ప్రత్యక్షమయ్యెను.

లూకాసువార్తయందు తప్పిపోయిన కుమారుని కథ గలదు. తండ్రి దూరమునుండియే చూచి పరుగెత్తి కౌఁగిలించుకొనును. జ్యేష్ఠపుత్రుఁడు మాత్రము కోపముతో వాకిటనే నిలుచును. మన కథయందు ఇల్లువిడిచి పోయినవారు లేరు. తలుపు మూసినవారము మనమే. జ్యేష్ఠుని కోపము మనది. పశ్చాత్తాపమును మనదే కావలెను. మతము మాఱినను రక్తము మాఱదు.

కావున ఈ మహాసభవారు ఆ కుటుంబములవారి పేళ్లను సభ్యుల పట్టికయందు చేర్చి, మన విద్యార్థివేతనములయందు వారి పిల్లలకును సమభాగమిచ్చి, వచ్చు సంవత్సరము వారిని ఆహ్వానపత్రికతో గాక, స్వయముగా వారి గడపకు పోయి పిలువవలెనని పోషకులకును సభ్యులకును మా వినయపూర్వకమైన విన్నపము. పుష్కరిణులు దేహమును కడుగును. ఈ మఱక కడుగుటకు మాత్రము ఆ గడపవఱకు నడువక తప్పదు.